సాగర్ డ్యామ్ మీదికి సీఆర్‌పీఎఫ్ ఎందుకొచ్చింది?

ఇవాళ్టి టాపిక్: ఒక యూనియన్‌లో ఉన్న రాష్ట్రాలు, దేశాలు తమ భద్రతని ఎలా పంచుకుంటాయి?

ముందు యూరోపియన్ యూనియన్ చూద్దాం. 27 దేశాలు, ఎవరి ఆర్మీ వాళ్లదే. కానీ వాళ్ల ఒప్పందంలో 42.7 అని ఒక క్లాజ్ ఉంది. ఒక సభ్య దేశం మీద సాయుధ దాడి జరిగితే మిగతావాళ్లు చేతనైనంత సాయం చేయాలి. 2015 నవంబర్‌లో పారిస్ దాడుల తర్వాత ఫ్రాన్స్ దాన్ని వాడింది.

మన దేశంలో లెక్క వేరు. ఆర్మీ కేంద్రం చేతిలో, పోలీసు రాష్ట్రం చేతిలో. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ అలా పంచింది. ఒక రాష్ట్ర పోలీసులు ఇంకో రాష్ట్రంలో అధికారం చెలాయించాలంటే ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి. మరి ఆస్తి సరిగ్గా సరిహద్దు మీదే ఉంటే?

మన మాచర్ల పక్కనున్న నాగార్జునసాగర్ కథ అదే. డ్యామ్‌కి 26 గేట్లు. ఎడమ వైపు తెలంగాణ, కుడి వైపు పల్నాడు. 2014లో రాష్ట్రం విడిపోయాక శ్రీశైలం నిర్వహణ ఆంధ్ర చూసుకుంది, సాగర్‌ది తెలంగాణ చూసుకుంది. మధ్యలో కృష్ణా బోర్డు పెట్టారు. అయితే బోర్డు దగ్గర ఉన్నది కాగితమే, గేటు దగ్గర నిలబెట్టడానికి సొంత బలగం లేదు. 2015 ఫిబ్రవరిలోనే రెండు వైపుల పోలీసులు డ్యామ్ మీద తోసుకున్నారు.

2023 నవంబర్ 29 రాత్రి అది ఇంకా ముదిరింది. తెల్లారితే తెలంగాణలో పోలింగ్. ఆంధ్ర పోలీసులు వందల మంది వెళ్లి, సగం డ్యామ్ మాదంటూ 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. కుడి కాల్వకి నీళ్లు వదిలారు. తాగునీటి కోసమే అని ఆంధ్ర చెప్పింది. తెలంగాణ కేసు పెట్టింది. నాది పల్నాడే, అయినా చెప్తున్నా: ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. ఒకరిది నేల హక్కు, ఇంకొకరిది నడుస్తున్న ఏర్పాటు.

డిసెంబర్ 1న కేంద్ర హోం కార్యదర్శి రెండు రాష్ట్రాలతో వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు. నవంబర్ 28 నాటి పరిస్థితికి వెనక్కి వెళ్లాలి, డ్యామ్ కాపలా సీఆర్‌పీఎఫ్‌ది, పర్యవేక్షణ బోర్డుది. ఇద్దరూ ఒప్పుకున్నారు.

నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఒకే సర్వర్‌కి రెండు టీమ్‌లు, రెండూ అడ్మిన్ మేమే అంటున్నాయి. గొడవ ఆగాలంటే పాస్‌వర్డ్ మూడోవాళ్ల చేతికి వెళ్లాలి. యూరప్‌లో ఆ మూడో చెయ్యి లేదు, మనకి ఉంది. యూనియన్‌లో ఉన్నందుకు మనకి దక్కే అసలు లాభం ఇదే.

కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సీఆర్‌పీఎఫ్ గేటుకి కాపలా కాయగలదు, నీళ్లు పంచలేదు. ఆ వాటా తేల్చాల్సింది బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్. అది తేలేదాకా కుడి కాల్వ నీళ్ల మీద బతికే మన రైతుకి ప్రతి ఎండాకాలం అదే టెన్షన్.

అందుకే ఈసారి సాగర్ వీడియో ఏదైనా వాట్సాప్‌లో వస్తే, ఫార్వర్డ్ కొట్టేముందు మూడు అడగండి: నేల ఎవరిది, నిర్వహణ ఎవరిది, ఆర్డర్ ఎవరిచ్చారు? మళ్లీ కలుద్దాం.