మూట కట్టడం వేరు, నేయడం వేరు

తెలుగు మాధ్యమానికి తయారుగా దొరికే స్లైడులు తక్కువ. చాలావరకు మనమే చేసుకుంటాం, బడి నుంచి బడికి ఇచ్చిపుచ్చుకుంటాం. మన భవాని పేట్‌లో చాదర్ మీది పువ్వును స్లైడులో గీయాలంటే కష్టం ఇంకొంచెం ఎక్కువ. పిల్లల్లో చాలామంది మగ్గాల ఇళ్ల వాళ్లే. పువ్వులో గడి తప్పితే మనకన్నా ముందు వాళ్లే పట్టేస్తారు.

జకార్డ్ డిజైన్‌ను గళ్ల కాగితం మీద గీసినట్టే, పవర్‌పాయింట్‌లో చిన్న చతురస్రాలు పేర్చుకుంటూ పోతాం. కొన్ని గడులను కలిపి ఒక రేకుగా గ్రూప్ చేస్తాం. రేకులన్నిటినీ కలిపి ఇంకో గ్రూప్ చేస్తాం. లాగితే పువ్వంతా కలిసి కదులుతుంది. అయినా అది మూటే, లోపల గడులు దేనికదే. పువ్వు చుట్టూ అంచు గీత పెట్టబోతే ప్రతి గడి చుట్టూ పడుతుంది. ఏ పిల్లవాడో రెండుసార్లు నొక్కి లాగాడంటే ఒక గడి ఊడి పక్కకు వస్తుంది.

నిజంగా ఒకే ఆకారం కావాలంటే 'మెర్జ్ షేప్స్'లోని 'యూనియన్' వాడాలి. 2013 వెర్షన్ నుంచి అది ఫార్మాట్ ట్యాబ్‌లోనే ఉంది. చిక్కేమిటంటే, గ్రూప్‌ను ఎంచుకున్నప్పుడు ఆ బటన్ మసకబారి ఉంటుంది, పనిచేయదు. ముందు మూట విప్పాలి: కంట్రోల్, షిఫ్ట్, జి కలిపి నొక్కాలి. ఒకసారి నొక్కితే పై మూటే విడుతుంది, లోపలి మూటలకు మళ్లీ నొక్కాలి. ఇంకా ఏవైనా మిగిలాయేమో ఆల్ట్, ఎఫ్10 నొక్కితే పక్కన జాబితాలో కనిపిస్తుంది. గ్రూప్‌కు పెట్టిన యానిమేషన్ విప్పగానే పోతుంది కాబట్టి ఆ పని చివర పెట్టుకోవడమే మేలు.

కలిపిన ఆకారానికి మొదట ఎంచుకున్న గడి రంగే వస్తుంది. గడుల మధ్య వెంట్రుకంత సందున్నా గీతలా మిగిలిపోతుంది, అందుకే ఒకదాని మీదికి ఒకటి కొద్దిగా జరపాలి. యూనియన్ పక్కనే ఉన్న 'కంబైన్' నొక్కితే మాత్రం గడులు ఒకదానిపై ఒకటి పడ్డచోట చిల్లులు పడతాయి.

మరి నాలుగు రంగుల చాదర్ మాటేమిటి? అంతా ఒకేసారి కలిపితే ఒకే రంగు ముద్దవుతుంది. ఎర్ర గడులన్నీ ఒకటిగా, తెల్లవన్నీ ఒకటిగా యూనియన్ చేసి, ఆ నాలుగింటినీ గ్రూప్ చేయడమే మాకు నచ్చిన దారి. కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌తో బొమ్మగా అతికించేవారూ ఉన్నారు. అది సులువే కానీ, రంగు మార్చి చూద్దామని పిల్లలు అడిగితే అప్పటికప్పుడు మార్చలేం.

అక్షరాలనూ ఆకారంతో ఇలాగే కలపవచ్చు. అప్పుడవి గీతలైపోతాయి, కాబట్టి ఇంకో బడి కంప్యూటర్‌లో మన తెలుగు ఫాంట్ లేకపోయినా చెదరవు. కానీ ఒత్తు తప్పు పోయిందని తర్వాత తెలిస్తే దిద్దే వీలుండదు. అందుకని కలిపే ముందు స్లైడును డూప్లికేట్ చేసి ఉంచుకోండి. ఇతర బడులకు పంపేటప్పుడు ఆ విడి గడుల స్లైడునూ జతచేయండి, వాళ్లు తమ పువ్వును తాము పేర్చుకుంటారు.