పెరుగన్నం మానిపించే ముందు

మా చిన్నా ఏం తింటాడో ఒక్క గుక్కలో చెప్పేయొచ్చు. చల్లారిన తెల్లన్నంలో కమ్మటి పెరుగు, ఇడ్లీ, బంగాళాదుంప వేపుడు, అరటిపండు, ఒకే ఒక్క కంపెనీ గ్లూకోజ్ బిస్కెట్లు. పెరుగన్నంలో పోపు ఉండకూడదు. ఒక్క ఆవగింజ నాలుక్కి తగిలినా ఆ పూటకి కంచం అవతలికి పోతుంది. బిస్కెట్ అంచు విరిగితే ముట్టడు. ఖమ్మంలో మాది కిరాణా కొట్టు కాబట్టి, స్టాకు రాగానే ప్యాకెట్లు తడిమి చూసి విరగనివి వాడి కోసం తీసి పెడతాను.

వాడికిప్పుడు ఎనిమిదేళ్లు. ఆటిజం అని తేలిన కొత్తల్లో చుట్టాలు, తెలిసినవాళ్లు, కొట్టుకొచ్చే వాళ్లు అందరిదీ ఒకటే మాట: "పాలు, గోధుమ మానిపించన్నా, మాటలొస్తాయి." ఒక థెరపీ కేంద్రంలోనైతే అచ్చు వేసిన కాగితమే చేతిలో పెట్టారు. పాలు, పెరుగు, గోధుమ, పంచదార బంద్. బదులుగా వాళ్లే అమ్మే పొడులు, చుక్కల మందులు. ఆ కాగితం ప్రకారం నడిస్తే మా వాడికి మిగిలేది ఇడ్లీ, దుంప, అరటిపండు. నేనూ మా ఆవిడా ఆ కాగితాన్ని మడిచి, ముందు సంగతేంటో తెలుసుకుందామనుకున్నాం. పిల్లల డాక్టరుగారు, డైటీషియన్ మేడమ్ ఓపిగ్గా చెప్పారు. కొంత మేమే చదువుకున్నాం.

ఈ సలహా వెనక ఒక సిద్ధాంతం ఉంది. మెదడులో సహజంగా ఊరే నల్లమందు లాంటి రసాయనాలకూ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చని 1979లో పాంక్‌సెప్ అనే అమెరికా శాస్త్రవేత్త ఊహించాడు. గోధుమలో ఉండే గ్లూటెన్, పాలలో ఉండే కేసీన్ అనే మాంసకృత్తులు సరిగా అరక్క, ఆ ముక్కలు పేగుల్లోంచి రక్తంలోకి చేరి, మెదడు మీద మత్తుమందులా పనిచేస్తాయేమోనని తర్వాతివాళ్లు దాన్ని పెంచారు. వినడానికి సబబుగానే ఉంటుంది. తేల్చాల్సింది పరీక్ష. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 14 మంది చిన్నపిల్లలకి ముందు పాలు, గోధుమ పూర్తిగా ఆపేసి, తర్వాత ఏ చిరుతిండిలో అవి ఉన్నాయో తల్లిదండ్రులకీ, గమనించేవాళ్లకీ తెలియకుండా పెట్టి చూశారు. నిద్రలో, నడవడిలో, విరేచనాల్లో తేడా కనపడలేదు. ఆ ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. పరీక్ష చిన్నదే. కానీ ఆటిజం లక్షణాలు తగ్గించడానికి ఇలాంటి పథ్యాలు వాడొద్దని బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు అంతకుముందే, 2013లోనే చెప్పాయి.

అలాగని "మా పిల్లాడికి పనిచేసింది" అనే అమ్మానాన్నలు అబద్ధమాడుతున్నారని నేననను. కొందరు పిల్లలకి పాలలోని లాక్టోజ్ పడదు. పాలు ఎక్కువ తాగి మలబద్ధకంతో బాధపడేవాళ్లున్నారు. నోరు తెరిచి కడుపు నొప్పని చెప్పలేని పిల్లవాడు తల బాదుకుంటాడు, రాత్రంతా పడుకోడు. ఆ నొప్పి తగ్గితే మనిషే మారినట్టుంటాడు. తగ్గింది కడుపు నొప్పి, ఆటిజం కాదు. నిజంగా గోధుమ పడని సీలియాక్ జబ్బు వేరే ఉంది, దానికి రక్తపరీక్ష ఉంది. గోధుమ తింటూ ఉన్నప్పుడే ఆ పరీక్ష చేయించాలి. ముందే మానిపించి వెళితే జబ్బున్నా పరీక్షలో కనపడకపోవచ్చు. చాలామందికి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

వరి తినే మన ఇళ్లలో గోధుమ మానడం తేలికే అనుకుంటారు. కొట్టు వాణ్ణి కాబట్టి చెబుతున్నాను, డబ్బాలో దొరికే ఇంగువల్లో చాలావాటిల్లో మైదా కలుస్తుంది. సాంబారులో చిటికెడు వేసినా గోధుమ తిన్నట్టే. సీలియాక్ ఉన్న ఇంట్లో డబ్బా వెనక సన్న అక్షరాలు చదవాల్సిందే.

నాకు అసలు భయం పెరుగు మానిపించడం గురించే. ఆటిజం ఉన్న 75 మంది మగపిల్లల అరచేతి ఎముకల్ని ఎక్స్‌రే తీసి అమెరికాలో 2008లో ఒక పరిశోధన వచ్చింది. వాళ్ల ఎముకలు ఉండాల్సిన దానికంటే పలచగా ఉన్నాయి. పాల పదార్థాలు మానేసిన పిల్లలవి మరీ పలచగా ఉన్నాయి. మా వాడి ఈడు పిల్లలకి రోజుకి 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క చెప్పింది. చిన్నాకి అందులో పెద్ద వాటా పెరుగు నుంచే వస్తోంది. అదీ తీసేస్తే ఆ లోటు ఎవరు పూడుస్తారు?

ఈ పిల్లల తిండి సమస్య మొండితనం కాదు. 1943లో లియో కానర్ ఆటిజాన్ని మొదటిసారి వర్ణించినప్పుడే, తను చూసిన 11 మందిలో చాలామందికి పసితనంలోనే తిండి ఇబ్బందులున్నాయని రాశాడు. మిగతా పిల్లల కంటే వీళ్లకి తిండి సమస్యలు ఐదింతలు ఎక్కువని, కాల్షియం, మాంసకృత్తులు తక్కువ పడుతున్నాయని 2013లో ఎమోరీ విశ్వవిద్యాలయం వాళ్లు పాత పరిశోధనలన్నీ కలిపి చూసి చెప్పారు. మనకి కమ్మగా తోచే పోపు వాసన మా వాడికి ఊపిరాడనివ్వదు. మెత్తటి అన్నంలో గట్టి గింజ తగలడం రాయి తగిలినట్టే. బాగా కొద్ది రకాలే తినే పిల్లలకి, మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న స్కర్వీ జబ్బు కూడా వచ్చినట్టు డాక్టర్లు నమోదు చేశారు.

అందుకే మా ఇంట్లో తీసేయడం మానేసి కలపడం మొదలుపెట్టాం. డైటీషియన్ మేడమ్ ఒక్కటే షరతు పెట్టారు, దొంగచాటుగా కలపొద్దని. ఒకసారి తిండి మీద నమ్మకం పోతే ఉన్న ఐదింటిలో ఒకటి పోతుంది. అందుకని రాగిపిండి వాడి కళ్లముందే కలుపుతాం. చిన్నాకి గుండ్రంగా తిరిగేవన్నీ ఇష్టం. స్టూలెక్కి నిలబడి, ఇడ్లీ పిండి గిన్నెలో గరిటె తనే తిప్పుతాడు. మా ఆవిడ చెంచాడు రాగిపిండి వేస్తుంది. తెల్లటి పిండిలో గోధుమరంగు చార సుడి తిరుగుతుంటే గరిటె ఆపి చూస్తాడు, మళ్లీ తిప్పుతాడు. చెంచా రెండయ్యే సరికి ఉడికిన ఇడ్లీని పట్టి పట్టి చూసి పక్కన పెట్టేశాడు. మళ్లీ చెంచాకి దిగాం. నెలలు గడిచాక రెండు చెంచాల ఇడ్లీ తింటున్నాడు. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. చెంచాడంటే కొంచెమే, అయినా అది పెరుగు పక్కన చేరింది, పెరుగు స్థానంలో కాదు.

మా అమ్మకి మొదట్లో ఇది నచ్చలేదు. "ఆకలేస్తే అదే తింటాడు, ఒక పూట మాడ్చండిరా" అనేది. మామూలు పిల్లల్ని పెంచిన అనుభవం అలా అనిపిస్తుంది. ఈ పిల్లల్లో కొందరు నిజంగానే ఆకలితో ఉండిపోతారు కానీ తినరు. ఇప్పుడు ఆమే పెరుగన్నానికి పోపు వేయకుండా ముందుగా వాడి కంచంలోకి తీసి, తర్వాతే మిగతా వాళ్లకి వేస్తుంది.

పొడులు, చుక్కల మందుల దగ్గర మాత్రం మేం గట్టిగా ఉన్నాం. ఎ, డి విటమిన్లు ఒంట్లో పేరుకుపోతాయి, మోతాదు మించితే హానే. చిన్నాకి రక్తపరీక్షలో ఇనుము తక్కువని తేలింది, డాక్టరుగారు రాసిన సిరప్ వాడుతున్నాం. లోటేదో చూసి ఇచ్చే మందుకీ, అందరికీ ఒకే సంచీ అంటగట్టడానికీ చాలా తేడా ఉంది. పథ్యం చెప్పేవాడే సరుకు కూడా అమ్ముతుంటే నేను ఆగి ఆలోచిస్తాను. సరుకు అమ్ముకు బతికేవాణ్ణి కదా, లాభం మాటల్ని ఎలా తిప్పుతుందో నాకు తెలుసు.

ఈమధ్య గ్లూటెన్ లేని పిండి ఉందా అని అడుగుతూ మా కొట్టుకి అమ్మలు, నాన్నలు వస్తున్నారు. పిల్లాడికా అని అడిగితే కళ్లు చెమరుస్తాయి. అడిగింది ఇస్తాను, కానీ ముందు ఓ వారం పాటు పిల్లాడు తిన్నది, తాగింది, విరేచనమైన రోజు నోట్‌బుక్‌లో రాయమంటాను. ఎత్తు, బరువు చూపించుకోమంటాను. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీ కేంద్రాలున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం జాతీయ సంస్థ ఉంది. ఆ నోట్‌బుక్ పట్టుకుని వెళితే డాక్టరుకి సగం పని తేలికవుతుంది. పరీక్షలయ్యేదాకా పిల్లాడి కంచంలో ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వమని చెప్పి పంపిస్తున్నాను.