రిమోట్ కారుకూ కాటా ఎందుకు? బరువు, బాడీ నియమాల వెనుక ఉన్న లెక్క

దంతెవాడ స్టేషన్‌లో కాసేపు నిలబడితే బైలాడీలా కొండల నుంచి ఎర్రటి ఖనిజం నింపుకొని విశాఖ వైపు వెళ్లే గూడ్సు కనిపిస్తుంది. కొత్తవలస–కిరందుల్ మార్గంలో ఇది రోజూ కనిపించే దృశ్యమే. ఈసారి చూసినప్పుడు వ్యాగన్ పక్కన తెల్ల రంగుతో రాసిన అంకెలు చదవండి. ఖాళీ బరువు ఎంత, ఎంత సరుకు మోయవచ్చు అన్న వివరాలు అక్కడ ఉంటాయి. బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 22.5 టన్నులు తూగుతుంది. సరుకుతో కలిపి 81 టన్నులు దాటకూడదన్న లెక్కతో దాన్ని తయారు చేశారు. పట్టా, వంతెన, ఇరుసు తట్టుకోవాలి కాబట్టి రైలు నియమం "ఇంతకు మించి వద్దు" అంటుంది.

రేసు నియమం దీనికి తలకిందులు. అది "ఇంతకు తగ్గి వద్దు" అంటుంది. ఫార్ములా కార్లకే కాదు, పిల్లలు రిమోట్‌తో నడిపే మూరెడు కారుకు కూడా పోటీలో ఇదే షరతు. రేసు ముగిసిన వెంటనే కారును కాటా మీద పెడతారు, బాడీ నిబంధన ప్రకారం ఉందో లేదో చూస్తారు. పది గ్రాములు తక్కువైనా ఆ ఫలితం రద్దు కావచ్చు. బొమ్మ కారు విషయంలో ఇంత పట్టింపు ఎందుకని అనిపించడం సహజమే. అయితే కారు చిన్నది కావడం వల్లే ఈ పట్టింపు అవసరమవుతుంది.

ఒక గ్రాము, ఒక కిలో

రిమోట్ కార్ల పోటీల్లో ఎక్కువగా కనిపించేవి అసలు కారులో పదో వంతు కొలతతో చేసినవి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదో వంతే. అంటే ఉపరితలం, ముందు నుంచి కనిపించే వైశాల్యం వందో వంతుకు తగ్గుతాయి. ఘనపరిమాణం వెయ్యో వంతుకు తగ్గుతుంది. బరువు ఘనపరిమాణాన్ని అనుసరిస్తుంది కాబట్టి 1500 కిలోల కారు పదో వంతు నమూనా 1.5 కిలోలు తూగాలి.

విచిత్రమేమిటంటే, ఎవరూ ఈ సూత్రం చూసి చేయకపోయినా నిజమైన పోటీ కార్లు కూడా దాదాపు అంతే తూగుతాయి. కొత్తవారికి అనువైన తరగతిగా అమెరికాలో పేరు తెచ్చుకున్న వింటేజ్ ట్రాన్స్-యామ్ పోటీలో కనీస బరువు 1550 గ్రాములు. అక్కడ ఒక గ్రాము అసలు కారులో ఒక కిలోతో సమానం. ఒకడి కారు 1550 గ్రాములు, పక్కవాడి కారు 1400 గ్రాములు ఉందనుకుందాం. తేడా 150 గ్రాములు. అసలు కారు లెక్కలో మొదటివాడు ఇద్దరు పెద్ద మనుషులను ఎక్కించుకుని పందెంలో దిగినట్టే.

న్యూటన్ రెండో నియమం ప్రకారం ఒకే బలానికి త్వరణం ద్రవ్యరాశికి విలోమంగా ఉంటుంది. ఇద్దరి మోటార్లూ ఒకటే అయితే 1400 గ్రాముల కారుకు దాదాపు 11 శాతం ఎక్కువ త్వరణం వస్తుంది. చిన్న ట్రాకులో ప్రతి మలుపు దగ్గరా వేగం తగ్గించి మళ్లీ అందుకోవాలి. కాబట్టి ఈ లాభం ఒక్కసారితో అయిపోదు, ప్రతి మలుపు తర్వాతా వచ్చి చేరుతుంది. కొత్తవారి తరగతిలో మోటారు కావాలనే బలహీనంగా పెడతారు. ట్రాన్స్-యామ్ తరగతిలో 25.5 చుట్ల మోటారు వాడాలి. తీగ చుట్లు పెరిగితే మోటారు తిరిగే వేగం తగ్గుతుంది, నడపడం తేలికవుతుంది. మోటారు బలం తక్కువైనప్పుడు బరువులో తేడా మరింత స్పష్టంగా బయటపడుతుంది.

మలుపులోనూ తేలిక కారుకే మొగ్గు. చక్రం మీద బరువు పెరిగితే పట్టు పెరగాలి కదా, అప్పుడు బరువైన కారుకూ తేలిక కారుకూ మలుపులో తేడా ఉండకూడదు కదా అని బడి పాఠం గుర్తున్నవారు అడగవచ్చు. పుస్తకంలో ఘర్షణ గుణకం స్థిరం. రబ్బరు అలా ప్రవర్తించదు. భారం పెరిగేకొద్దీ దాని ఘర్షణ గుణకం కొద్దికొద్దిగా పడిపోతుంది. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కంటే కాస్త తక్కువే పెరుగుతుంది.

డబ్బును కాటా ఆపుతుంది

కనీస బరువు లేకపోతే తేలిక కోసం ఖర్చుకు అంతు ఉండదు. మామూలు కిట్‌లో ఛాసిస్ ప్లాస్టిక్, మరలు ఉక్కు, బ్యాటరీ గట్టి పెట్టెలో ఉండే పెద్ద రకం. డబ్బున్నవారు కార్బన్ ఫైబర్ ఛాసిస్, టైటానియం మరలు, పొట్టి బ్యాటరీ తెప్పించుకుంటారు. టైటానియం సాంద్రత 4.5, ఉక్కుది 7.85 కాబట్టి మర మరకూ బరువు దాదాపు సగానికి దిగుతుంది. గ్రాములు కొనుక్కోవడమంటే ఇదే.

ఎక్కడ గీత గీస్తారన్నది ఇక్కడ ముఖ్యం. ఇఫ్మార్ ఆధ్వర్యంలో ప్రపంచ స్థాయిలో జరిగే పదో వంతు టూరింగ్ కార్ల పోటీల్లో కనీస బరువు 1300 పైచిలుకు గ్రాములు. దాన్ని అందుకోవాలంటే ఖరీదైన కారు కావాలి. కొత్తవారి తరగతిలో 1550 అన్నప్పుడు మామూలు ప్లాస్టిక్ కిట్, మామూలు బ్యాటరీతో ఆ అంకెకు దగ్గరగా వచ్చేస్తుంది. కార్బన్ ఫైబర్ కొన్నవాడు తగ్గించుకున్న బరువును సీసం ముక్కలతో మళ్లీ అతికించుకోవాల్సిందే. నా దృష్టిలో కొత్తవారి పోటీకి ఇంతకంటే పదునైన నియమం లేదు. ఇది ఖరీదైన భాగాలను నిషేధించదు. కొనడం వల్ల వచ్చే లాభాన్ని తగ్గిస్తుంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ రేసులోనూ ఇదే ఆలోచన పనిచేసింది. ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడో తరం కార్లన్నీ ఒకే ఛాసిస్, ఒకే బాడీతో వచ్చాయి. జట్ల మధ్య తేడా ప్రధానంగా వెనుక మోటారు భాగాల్లో, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కనీస బరువును డ్రైవర్‌తో కలిపి లెక్కిస్తారు. ఫార్ములా 1లో 2019లో డ్రైవర్, సీటు కలిపి కనీసం 80 కిలోలు ఉండాలన్న నియమం వచ్చింది. అంతకు ముందు పొడుగ్గా ఉన్న డ్రైవర్లు కారును తేలికగా ఉంచడం కోసం కడుపు మాడ్చుకోవాల్సి వచ్చేది. రిమోట్ కారులో డ్రైవర్ బయట ఉంటాడు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. బక్కవాడికీ బొద్దువాడికీ ఒకే కాటా.

బరువు సరే, అది ఎక్కడుంది?

కాటా మొత్తం బరువు చెబుతుంది. ఆ బరువు కారులో ఏ ఎత్తున ఉందో చెప్పదు. ఇక్కడే బాడీ నియమం అవసరమవుతుంది.

రిమోట్ కారు బాడీ పలుచని పాలీకార్బొనేట్ రేకును వేడిచేసి, అచ్చు మీద లాగి తీసిన తొడుగు. రంగు లోపలి వైపు వేస్తారు. అందుకే గీతలు పడినా రంగు పోదు. ఈ తొడుగును పలుచటి రేకుతో చేయిస్తే బరువు తగ్గుతుంది. ఎవరైనా బాడీలో 30 గ్రాములు తగ్గించి, అదే 30 గ్రాముల సీసాన్ని ఛాసిస్ అడుగున అతికించారనుకోండి. కాటా మీద అంకె మారదు. కానీ నేల నుంచి 90 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న బరువు 10 మిల్లీమీటర్లకు దిగింది. 1550 గ్రాముల కారులో గరిమనాభి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు కిందికి జరుగుతుంది.

ఒకటిన్నర మిల్లీమీటర్లు తక్కువేమీ కాదు. ఈ కార్లలో గరిమనాభి 40 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుందనుకుంటే ఇది దాదాపు 4 శాతం. మలుపులో కారు బోర్లా పడుతుందా లేదా అన్నది రెండు వైపుల చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే తెలుస్తుంది. ఆ విలువ టైరు పట్టు కంటే ఎక్కువైతే కారు జారుతుంది, తక్కువైతే పల్టీ కొడుతుంది. తివాచీ పరిచిన ట్రాకు మీద రబ్బరు పట్టు చాలా ఎక్కువ. అందుకే ఆ ట్రాకుల్లో కార్లు పల్టీ కొట్టడం మామూలే. గరిమనాభిని దించగలిగినవాడు మరింత వేగంగా మలుపు తిరుగుతాడు. బరువు నియమం ఒక్కటే ఉంటే ఈ ఉపాయాన్ని పట్టుకోలేం. అందుకే చాలాచోట్ల అనుమతించిన బాడీల జాబితా ఉంటుంది, వాటి ఎత్తు తగ్గించకూడదు, కిటికీలు కోయకూడదు అంటారు.

బాడీ నియమానికి రెండో కారణం గాలి. బొమ్మ కారుకు గాలేం చేస్తుందని నేనూ అనుకునేవాణ్ని. లెక్క వేసి చూస్తే తెలిసింది. గాలి నిరోధం ముందు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. పదో వంతు కారుకు అది వందో వంతు. బరువేమో వెయ్యో వంతు. అంటే ఒకే వేగం దగ్గర, బరువుతో పోల్చి చూస్తే, చిన్న కారును గాలి పది రెట్లు గట్టిగా ఆపుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే 1.5 కిలోల కారు మీద గాలి నిరోధం సుమారు 75 గ్రాముల బరువంత, అంటే దాని బరువులో 5 శాతం. అదే ఆకారంలో ఉన్న అసలు కారు అదే వేగంలో పోతే అర శాతమే. వేగం రెట్టింపైతే గాలి బలం నాలుగు రెట్లవుతుంది.

కాబట్టి ముక్కు వాలుగా ఉండి, పైకప్పు కిందికి కుదించి, వెనుక పెద్ద రెక్క ఉన్న బాడీ చిన్న కారుకు నిజంగానే లాభం. అది గాలిని తప్పించుకుంటుంది, మలుపులో కారును నేలకు నొక్కి పట్టు పెంచుతుంది. ఈ పోటీ మొదలైతే పేరుకు ఫలానా కారే అయినా రోడ్డు మీద కారు పోలికే లేని చప్పిడి బాడీలు పుట్టుకొస్తాయి. ట్రాన్స్-యామ్ తరగతివారు దీనికి చక్కటి మందు కనిపెట్టారు. 1966లో అమెరికాలో మొదలైన ట్రాన్స్-యామ్ రేసుల నాటి ముస్టాంగ్, కమారో వంటి పాత కార్ల బాడీలనే అనుమతించారు. ఆ కార్ల ముక్కులు నిటారుగా, పెట్టెల్లా ఉంటాయి. ఏది ఎంచుకున్నా గాలి ముందు అన్నీ దాదాపు ఒకే తీరు మొద్దులు. పైగా చూడటానికి ముచ్చటగా ఉంటాయి. మొదటి రోజు ట్రాకుకు వచ్చినవాడు మళ్లీ రావడానికి అది కూడా ఒక కారణమే.

మన దగ్గర మొదలుపెడితే

నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశమంతటా బడుల్లో టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. దంతెవాడ జిల్లాలో గీదం దగ్గర జావంగాలో ఎడ్యుకేషన్ సిటీ ఉంది. తెలుగు కుటుంబాలు ఉండే కిరందుల్, బచేలీ టౌన్‌షిప్‌లలోనూ బడులు, మైదానాలు ఉన్నాయి. కార్లు, ఒక చదునైన నేల, గ్రాము వరకు చూపే వంటింటి కాటా ఉంటే పిల్లలకు ఇలాంటి పోటీ పెట్టవచ్చు.

కనీస బరువు ఏ పుస్తకంలోంచీ తీసుకోనక్కర్లేదు. పాల్గొనేవారి కార్లన్నింటినీ బ్యాటరీ, బాడీ సహా తూచి, వాటిలో బరువైనదాని అంకెనే కనీస బరువుగా పెట్టాలి. అప్పుడు ఎవరూ కొత్త భాగాలు కొనక్కర్లేదు. తేలికగా ఉన్న కార్లకు అదనపు బరువు తగిలిస్తే చాలు. బాడీలన్నీ ఒకే అచ్చువి దొరకకపోతే చెక్కతో ఒక ద్వారం చేసి, కారు దానిలోంచి పక్కలు తగలకుండా దూరాలి, పైకప్పు మాత్రం అడ్డుపట్టీని తాకాలి అని పెట్టవచ్చు. వెడల్పు మించలేదనీ ఎత్తు కుదించలేదనీ ఒక్కసారిలో తేలిపోతుంది.

కాటా కచ్చితంగా లేకపోయినా ఫరవాలేదు. ఒక లీటరు నీళ్లు ఒక కిలో తూగాలి కాబట్టి ముందుగా దానితో సరిచూసుకోవచ్చు. కొన్ని గ్రాములు తేడా ఉన్నా అందరినీ అదే కాటాతో తూస్తే తప్పు అందరికీ సమానమే. పోటీల్లో "నిర్వాహకుల కాటాదే తుది మాట" అనడం అందుకే. తూచేది మాత్రం రేసు అయ్యాకే. ముందు తూచి వదిలేస్తే దారిలో ఊడి పడేలా బరువు అంటించేవారు తయారవుతారు. మోటారు పోటీల చరిత్రలో ఇలాంటి తెలివితేటలకు లోటు లేదు.

అదనపు బరువుకు చాలామంది సీసం వాడతారు. సాంద్రత 11.3 కాబట్టి చిన్న ముక్కే ఎక్కువ తూగుతుంది. కానీ సీసం విషం, పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఉక్కు నట్లు, వాషర్లు చాలు. బైలాడీలా హెమటైట్ కూడా పనికొస్తుంది. దాని సాంద్రత 5 దాకా ఉంటుంది, మామూలు గ్రానైట్ రాయికి దాదాపు రెట్టింపు. అయితే ఖనిజం ముక్క అదే బరువున్న ఉక్కు కంటే ఒకటిన్నర రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఛాసిస్ అడుగున పట్టక పైకి లేస్తుంది. అందుకే పిల్లలు ఒకే బరువున్న నట్లనూ ఖనిజం ముక్కనూ మార్చి మార్చి పెట్టి, ఒకే మలుపులో కారు ఎప్పుడు పల్టీ కొడుతుందో చూడవచ్చు. కాటా మీద రెండుసార్లూ ఒకే అంకె కనిపిస్తుంది. మలుపులో మాత్రం కారు తీరు మారుతుంది.