పాత్రక్రీడలో వర్గాలు: పేర్ల వెనుక ఐతిహ్యం

సాహిత్యంలో పాత్ర ఎట్లా రూపొందుతుందన్న ప్రశ్నకు లాక్షణికులు, నాటకకర్తలు, నవలాకారులు తమ తమ సమాధానాలు చెప్పి ఉన్నారు. గడచిన అర్ధశతాబ్దంలో ఒక ఆట కూడ ఈ ప్రశ్నకు తనదైన సమాధానం చెప్పింది. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న పట్టణం నుంచి వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆ ఆట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దానికి కర్తలు. మూడు చిన్న పుస్తకాలను ఒక పెట్టెలో ఉంచి అమ్మిన ఆ తొలి ముద్రణ వేయి ప్రతులు మాత్రమే. తరువాత దేశదేశాల వ్యాపించిన పాత్రక్రీడలకూ, కంప్యూటరు మీద ఆడే అనేక సాహసక్రీడలకూ మూలకందం అదే.

ఈ ఆటలో గెలుపు ఓటములు చదరంగంలో వలె తేలవు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారుని స్థానంలో ఉండి లోకాన్ని వర్ణిస్తారు: ఇదిగో గుహాముఖం, లోపల చీకటి, ఎక్కడో నీటి చప్పుడు. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, ఆ చీకటిలో తామేమి చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైనప్పుడు పాచికలు వేసి తేల్చుకొంటారు. కథ ముందుగా వ్రాసి ఉండదు. అందరూ కలిసి చెబుతూ ఉండగా పుడుతుంది. ఐతే పాత్ర మాత్రం శూన్యం నుంచి పుట్టదు. ఆట ఆరంభంలోనే ప్రతి ఆటగాడు తన పాత్రకు ఒక ‘క్లాస్’ ఎంచుకోవలె.

ఈ మాట దగ్గరనే అనువాదకునికి మొదటి చిక్కు వస్తుంది. దీనిని కులమనీ జాతి అనీ అనువదించడం పొరపాటు. కులం పుట్టుకతో సంక్రమించేది. ఇది ఆటగాడు కోరి ఎంచుకొనేది. పుట్టుకను తెలిపే విభాగం ఆటలో వేరే ఉన్నది: మానవుడు, ఎల్ఫ్, డ్వార్ఫ్ వంటివి. దానిని చాలకాలం ‘రేస్’ అని వ్యవహరించి, 2024 నాటి కూర్పులో ‘స్పీషీస్’ అని మార్చినారు. వృత్తి అనే మాట క్లాస్‌కు కొంత దగ్గరగా వస్తుంది కాని, జీవనోపాధి అనే అర్థం దానిని వదలదు. వర్గం అనే మాట తటస్థమైనది గనుక ఇక్కడ అదే వాడబడుతున్నది.

వర్గీకరణ మన అలంకారశాస్త్రానికి క్రొత్త కాదు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాయకుణ్ణి నాలుగు విధాలుగా విభజించినారు. కాని ఆ విభజన స్వభావాన్ని తెలుపుతుంది. ఆటలోని వర్గం స్వభావాన్ని గురించి సాధారణంగా మౌనం వహించి, రెండు విషయాలు మాత్రం చెబుతుంది: ఈ పాత్ర ఏమి చేయగలదు, ఏమి చేయరాదు. ఈ రెండింటిలో రెండవదే పాత్రకు ముఖం ఇస్తున్నది. ఏ నిషేధాన్ని తీసుకొని చూచినా దాని అడుగున ఒక పాత కథయో, ఒక ఐతిహ్యమో, ఒక అపోహయో కనబడుతుంది.

1974 నాటి మూల గ్రంథంలో వర్గాలు మూడే: యోధుడు, మంత్రవేత్త, క్లెరిక్. యోధునికి ఏ ఆయుధమైనా, ఏ కవచమైనా చెల్లును. మంత్రవేత్తకు కవచం నిషిద్ధం. కత్తులలో చిన్న బాకు తప్ప మరొకటి పట్టరాదు. అంతకంటె విచిత్రమైన నియమం మరొకటి ఉన్నది. అతడు ఉదయం గ్రంథం తెరచి మంత్రాన్ని కంఠస్థం చేస్తాడు. ఒకసారి ప్రయోగించినంతనే ఆ మంత్రం అతని మనస్సు నుంచి తుడిచిపెట్టుకొని పోతుంది. మరల కావలెనంటే మరల వల్లించవలసినదే. ప్రథమ స్థాయిలోని మంత్రవేత్తకు దినానికి ఒక్క మంత్రమే దక్కుతుంది.

ఈ భావన జాక్ వాన్స్ 1950లో ప్రకటించిన ‘ది డయింగ్ ఎర్త్’ అనే కథాసంపుటి నుంచి వచ్చింది. సూర్యుడు ఆరిపోవడానికి సిద్ధంగా ఉన్న సుదూర భవిష్యత్తులో, పూర్వపు విద్యలు చాలవరకు నశించి, మిగిలిన కొద్ది మంత్రాలను మనస్సులో మోయడమే మాంత్రికులకు మహాభారమైన లోకం అది. భారతీయ పాఠకునికి ఇక్కడ ఒక విపర్యయం తోచక మానదు. మన సంప్రదాయంలో మంత్రం జపసంఖ్య పెరిగినకొద్దీ సిద్ధిస్తుంది, ప్రయోగంతో పోదు. అవసరవేళకు అస్త్రమంత్రం స్ఫురించకపోవడం కర్ణునికి పరశురాముడిచ్చిన శాపం. మనకు శాపమైనది వాన్స్ లోకంలో విద్యకు సహజధర్మం. ఇది తెలియక మాంత్రికుడు అని ఊరుకొంటే, తెలుగు పాఠకుని మనస్సులో 1951 నాటి ‘పాతాళభైరవి’ చిత్రంలోని నేపాళ మాంత్రికుడు నిలుస్తాడు. ఆ మాటకు మన జానపద కథలు ప్రతినాయకత్వాన్ని అంటగట్టినవి. ఆటలోని మంత్రవేత్త ప్రతినాయకుడు కాడు. దేహబలం లేక, పుస్తకం మీద ఆధారపడి, రేపటికి ఏ మంత్రం కావలసివస్తుందో ఈనాడే ఊహించవలసిన విద్యార్థి.

క్లెరిక్ కథ మరింత చిత్రమైనది. మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాల ప్రాంతంలో ఆర్నెసన్ నడిపిన తొలి ఆటలో ఒక ఆటగాని పాత్ర రక్తపిశాచంగా మారి దుర్నిరోధమైనది. దానిని అదుపు చేయడానికి క్రొత్త వర్గం కల్పించవలసి వచ్చింది. బ్రామ్ స్టోకర్ 1897లో వ్రాసిన ‘డ్రాకులా’లోని వాన్ హెల్సింగ్ ఆంగ్ల చలనచిత్రాల ద్వారా అప్పటికే సుపరిచితుడు, అతని నమూనా మీద ప్రేతభూతాలను పారద్రోలగల మతగురువు పుట్టినాడు. ఇతనికి పదునైన ఆయుధం నిషిద్ధం; గద వంటిదే పట్టవలె. చర్చికి చెందినవాడు రక్తం చిందించరాదు గనుక గదతో పోరాడేవాడన్న ప్రచారం ఈ నియమానికి ఆధారం. బేయూ కుట్టుపని చిత్రపటంలో ఓడో అనే బిషప్ చేతిలో దుడ్డుకర్ర కనబడడం ఆ ప్రచారానికి ఊతమైనది. అది అధికారచిహ్నం కావచ్చునని చరిత్రకారుల ఊహ. ఫ్రెంచి వీరగాథ ‘రోలాండ్ గీతం’లో ఆర్చిబిషప్ టర్పిన్ కత్తి దూసి నిస్సంకోచంగా యుద్ధం చేసినాడు. అనగా ఆట ఒక ఐతిహ్యాన్ని గ్రహించి దానికి విరుద్ధమైన దానిని విడిచిపెట్టింది. ఏది ఏమైనా ఈ పాత్రను పూజారి అని అనువదిస్తే గుడి, గంట, హారతి వస్తవి గాని, ఉక్కు కవచం తొడిగి గద పట్టిన మూర్తి రాదు.

మూడు వర్గాలు మూడుగానే నిలువలేదు. 1975లో వెలువడిన మొదటి అనుబంధం చోరుణ్ణీ, పాలడిన్‌నూ ప్రవేశపెట్టింది. అదే ఏడు రెండవ అనుబంధంలో మంక్, 1976 నాటి మూడవ అనుబంధంలో డ్రూయిడ్ వచ్చినారు. 1978లో ఆటగాళ్ల కోసం ప్రకటించిన బృహద్గ్రంథంలో ఈ వర్గాలన్నీ విస్తృతమైన నియమాలతో స్థిరపడినవి.

పాలడిన్ అనే మాట రోము నగరంలోని పాలటైన్ కొండ పేరు నుంచి పుట్టి, రాజప్రాసాదానికి చెందినవాడన్న అర్థం మీదుగా, షార్లమేన్ చక్రవర్తి కొలువులోని పన్నెండుగురు వీరులకు వాడుకైనది. ఆటకు దగ్గరి మూలం పోల్ ఆండర్సన్ 1961లో పుస్తకరూపంగా ప్రకటించిన ‘త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్’ అనే నవల. 1978 నాటి నియమాల ప్రకారం పాలడిన్ తన ఆదాయంలో పదవ వంతు దానం చేయవలె. మహిమగల వస్తువులు పదింటికి మించి దాచుకొనరాదు. తెలిసి మర్యాద తప్పితే గురువు ఎదుట ఒప్పుకొని ప్రాయశ్చిత్తం చేసుకోవలె. తెలిసి పాపకార్యం చేస్తే పాలడిన్ పదవి శాశ్వతంగా పోతుంది. మన ఆలంకారికులు వీరరసంలో దానవీర, దయావీర, యుద్ధవీరులతో పాటు ధర్మవీరుణ్ణి పేర్కొన్నారు. ఈ పాత్రకు ఆ మాట చక్కగా అమరుతుంది. ఇక్కడ మన ఐతిహ్యం పరాయి ఐతిహ్యాన్ని తోసివేయక దానికి చేయూత ఇస్తుంది.

రేంజర్ అనే వనచరవీరుడు టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ గ్రంథంలోని ఆరగార్న్ నీడ. 1978 నియమాలలో రేంజర్ తాను మోయగలిగినంత సంపదనే ఉంచుకొనవలె. ముగ్గురికి మించి రేంజర్లు ఒకచోట కూడి పనిచేయరాదు. పైస్థాయికి చేరినపుడు దూరదృష్టిని ఇచ్చే మాయావస్తువులను వినియోగించే శక్తి అతనికి లభిస్తుంది. అడవిలో తిరిగేవానికి ఈ శక్తి ఎందుకో నియమం మాత్రమే చదివినవానికి బోధపడదు. ఆరగార్న్ దూరదర్శక శిలను తన వశం చేసుకొన్న ఘట్టం చదివినవానికి వెంటనే తెలుస్తుంది.

చోరుడు ఫ్రిట్జ్ లైబర్ కథలలోని గ్రే మౌసర్ వంటివారి సంతతి. ఈ వర్గానికి తెలుగులో పరాయితనం ఏమీ లేదు. ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడు యజ్ఞోపవీతాన్ని కొలత్రాడుగా వాడి గోడకు కన్నం వేస్తాడు, చౌర్యానికి ఆచార్యపరంపరను కూడ స్మరిస్తాడు. దండి కథలోని అపహారవర్మ కేతన ‘దశకుమారచరిత్రము’ ద్వారా పదమూడవ శతాబ్దంలోనే తెలుగువాడైనాడు. శౌర్యం కంటె నేర్పు మీద బ్రతికే ఈ పాత్రకు అనువాదకుడు మాట వెదుకవలసిన పని లేదు.

డ్రూయిడ్ విషయంలో జాగ్రత్త అవసరం. ప్రాచీన గాల్ దేశంలోని డ్రూయిడ్లు తమ విద్యను వ్రాతలో పెట్టడం తప్పుగా భావించేవారనీ, కొందరు ఇరువది ఏండ్లు కంఠస్థం చేస్తూ శిష్యరికం చేసేవారనీ జూలియస్ సీజర్ వ్రాసినాడు. వారు తెల్లని వస్త్రాలు ధరించి, ఓక్ చెట్టు మీద పెరిగే మిసిల్టో అనే బదనికను బంగారు కొడవలితో కోసేవారని ప్లినీ చెప్పినాడు. తమ స్వంత గ్రంథం ఒక్కటైనా విడువని ఆ సంప్రదాయాన్ని మనం పరాయివారి మాటల ద్వారానే ఎరుగుదుము. 1978 నియమాలలో డ్రూయిడ్‌కు లోహకవచం నిషిద్ధం, బదనిక పూజ్యం. పై అంతస్తులో తొమ్మిదిమంది, దానిపైన ముగ్గురు, శిఖరాన ఒక్కడు మాత్రమే ఉండవచ్చును; ఆ స్థానాలను పోరాడి గెలుచుకోవలె. మౌఖిక విద్యాపరంపర చూచి మనకు వేదాధ్యయనం గుర్తుకు రావడం సహజమే. కాని ఋషి అనే మాట పెట్టినంతనే తపస్సు, ఆశ్రమం, శాపం లోనికి వచ్చి కొడవలినీ బదనికనూ బయటకు నెట్టివేస్తవి. మంక్ కూడ అట్టివాడే. పేరుకు సన్యాసి, నిజానికి ఆయుధం లేక చేతులతో పోరాడే తూర్పు ఆసియా మల్లవిద్యానిపుణుని ఊహాచిత్రం. భిక్షువు అంటే అర్థం పూర్తిగా తప్పుతుంది.

రచయితలకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే వర్గం బార్డ్. ఇది ఐర్లండు, వేల్స్ దేశాల కవిగాయకుల స్మృతి. 1978 గ్రంథంలో బార్డ్ కావడం అన్నిటికంటె కష్టమైన పని: మొదట యోధుడుగా కొన్ని స్థాయిలు గడించి, తరువాత చోరుడై, ఆపైన డ్రూయిడ్ల శిష్యుడు కావలె. లోకానుభవం లేనివాడు కవి కాలేడన్న అభిప్రాయం ఆ నియమంలో ధ్వనిస్తున్నది. 2014 నాటి కూర్పులో బార్డ్ మాటతో మిత్రులకు ఉత్సాహం కలిగిస్తాడు, మాటతోనే శత్రువును గాయపరుస్తాడు. పూర్వపు ఐర్లండులో కవి నిందకు రాజులు సైతం జంకేవారు. శాపానుగ్రహ సమర్థుడని పేరుపొందిన వేములవాడ భీమకవి గాథలూ, తిట్టుకవిత్వ సంప్రదాయమూ ఎరిగిన తెలుగువానికి ఈ శక్తిని గురించి వ్యాఖ్యానం అక్కరలేదు.

2014 కూర్పులో వర్గాలు పన్నెండుకు చేరినవి. వాటిలో విజర్డ్, సార్సరర్, వార్‌లాక్ అనే మూడింటికీ తెలుగు నిఘంటువు మాంత్రికుడు అనే ఒక్క మాటనే చూపవచ్చును. ఆటలో మొదటివానికి శక్తి అధ్యయనంతో వస్తుంది. రెండవవానికి పుట్టుకతో వస్తుంది. మూడవవానికి ఒక అలౌకికశక్తితో చేసుకొన్న ఒప్పందం వలన వస్తుంది. వార్‌లాక్ అన్న మాటకు ప్రాచీన ఆంగ్లంలో మాట తప్పినవాడని అర్థం. మాట తప్పినవాని పేరు పెట్టుకొన్న పాత్ర ఒప్పందానికి కట్టుబడి బ్రతకడంలోని వ్యంగ్యం ఒక్క మాటతో సరిపెట్టే అనువాదంలో మిగలదు.

కాలక్రమంలో పాత నిషేధాలు కొన్ని సడలినవి. క్లెరిక్‌కు గద నియమం పోయింది. పాలడిన్ ధర్మబంధం అతడు ఎంచుకొనే ప్రతిజ్ఞగా మారింది. ఆటగాని స్వేచ్ఛ పెరగడం మేలే. ఐతే నియమం సడలినచోట దాని వెనుకటి కథ కూడ పలుచబడుతుంది. ఆరగార్న్‌ను ఎరుగనివానికి రేంజర్ విలువిద్య తెలిసిన యోధుడు మాత్రమే.

ఇట్టి క్రీడలను గాని, వాటి నుంచి పుట్టిన కథలను గాని తెలుగులోకి తేదలచినవారు పేరు కంటె ముందు నియమాన్ని పరిశీలించవలసి ఉన్నది. ఈ పాత్రకు ఏది నిషిద్ధం, ఆ నిషేధం ఏ కథ నుంచి వచ్చింది అని విచారించిన తరువాతనే మాట ఎంచుకోవలె. చోరుడు, ధర్మవీరుడు వలె మన ఐతిహ్యం తోడు నిలిచినచోట మన మాట వాడవచ్చును. డ్రూయిడ్, క్లెరిక్ వలె మన మాట వారి కథను చెరిపివేసేచోట పరాయి పేరునే తెలుగు లిపిలో ఉంచి, నియమాన్ని మాత్రం మంచి తెలుగులో చెప్పడం యుక్తం. సంస్కృతంలో పాత్ర అనే మాటకు గిన్నె అనే అర్థం కూడ ఉన్నది గదా. గిన్నె పేరు మార్చినా అందులోని పదార్థం ఒలికిపోకుండ చూడడమే అనువాదకుని బాధ్యత.