యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞ

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఉన్న భివండీ మరమగ్గాలకు పేరుపొందిన పట్టణం. తెలంగాణ జిల్లాల నుండి బతుకుతెరువు కోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం ఇక్కడ స్థిరపడ్డాయి. పద్మానగర్, కామత్‌ఘర్ వంటి పేటలలో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. ఇక్కడి కార్ఖానాలలో ఒక్కొక్క కార్మికుడు ఒకేసారి అనేక మగ్గాలను చూసుకుంటాడు. పగటి షిఫ్టు ముగిసి రాత్రి షిఫ్టు కార్మికుడు వచ్చినప్పుడు, ఏ మగ్గం సరిగా నడుస్తున్నదో, ఏది మొరాయిస్తున్నదో అతనికి తెలియాలి. తెలియకపోతే తెల్లవారేసరికి ఎంతో బట్ట పాడవుతుంది.

యంత్రం తనంతట తాను పనిచేసే చోట మనిషికి రెండు బాధ్యతలుంటాయి. ఆజ్ఞ సరిగా ఇవ్వడం మొదటిది. ఇచ్చిన ఆజ్ఞ ఏమిటో తరువాత వచ్చేవారికి తెలిసేలా రాసి ఉంచడం రెండవది.

యంత్రానికి ఆజ్ఞలు ఇచ్చే పద్ధతిని లోకానికి చూపినవాటిలో మగ్గం ఒకటి. ఫ్రాన్సు దేశస్థుడైన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రంధ్రాలున్న అట్టలతో నడిచే మగ్గాన్ని రూపొందించాడు. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది; లేనిచోట లేవదు. కొత్త డిజైను కావాలంటే మగ్గాన్ని మార్చనక్కరలేదు, అట్టల వరుసను మారిస్తే చాలు. అయితే ఒక్క అట్ట తారుమారైనా, వరుస తిరిగిన ప్రతిసారీ ఆ తప్పు బట్టమీద పడుతుంది. అందుకే అట్టలకు వరుస సంఖ్యలు వేస్తారు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ 1830లలో తన గణన యంత్రానికి ఈ అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. నేటి కంప్యూటరు ప్రోగ్రాము కూడా అటువంటి ఆజ్ఞల వరుసే.

తయారైన ప్రోగ్రామును కంప్యూటర్లలో ఉంచి నిజమైన పనిలోకి దించడాన్ని డిప్లాయ్‌మెంట్ అంటారు. పెద్ద సంస్థలలో ఒకే ప్రోగ్రామును అనేక కంప్యూటర్లలో ఒకేసారి మార్చవలసి ఉంటుంది. ఒక్కటి మిగిలిపోయినా ప్రమాదమే. అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కథ ఇందుకు ఉదాహరణ. 2012లో ఆ సంస్థ కొత్త ప్రోగ్రామును ఎనిమిది కంప్యూటర్లలో పెట్టవలసి ఉండగా, ఏడింటిలోనే పెట్టింది. ఆగస్టు 1న ఎనిమిదవ కంప్యూటరులో ఎన్నో ఏళ్ల క్రితం వాడకం మానివేసిన పాత భాగం మేల్కొని, ఆగకుండా షేర్ల ఆర్డర్లు పంపింది. కంగారుపడిన సిబ్బంది సరిగా ఉన్న ఏడింటిలోనుండి కొత్త ప్రోగ్రామును తొలగించారు. దానితో నష్టం మరింత పెరిగింది. 45 నిమిషాలలో జరిగిన వ్యాపారం వల్ల 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఆ పనిని రెండవ మనిషి సరిచూడాలని చెప్పే రాతపూర్వక నియమం ఆ సంస్థలో లేదని తరువాత జరిగిన ప్రభుత్వ విచారణలో తేలింది.

ఇప్పుడు కృత్రిమ మేధతో పనిచేసే ఏజెంట్లు వచ్చాయి. సాధారణ ప్రోగ్రాము రాసిన మెట్ల ప్రకారమే నడుస్తుంది. ఏజెంటు అలా కాదు. చేరవలసిన లక్ష్యం చెబితే, మెట్లను తానే ఎంచుకుంటుంది. ఉత్తరాలు చదువుతుంది, జవాబులు రాస్తుంది, ఇతర ప్రోగ్రాములను నడుపుతుంది. దానికి ఆధారమైన మోడల్, దానికి రాసి ఇచ్చిన సూచనలు, వాడుకోదగిన సాధనాలు, ఇచ్చిన అనుమతులు – వీటిలో ఏ ఒక్కటి మారినా దాని నడత మారవచ్చు. కనుక ఇటువంటి ఏజెంట్లను పనిలోకి దించే సాధనం ఈ నాలుగింటినీ కలిపి ఒక సంఖ్యతో గుర్తుంచుకోవాలి.

ఆ సాధనాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం కూడా అంతే ముఖ్యం. ఏ ఏజెంటు ఏ పని చేస్తుంది? దానికి ఏది అనుమతి, ఏది నిషేధం? కొత్త రూపాన్ని ముందుగా ఏ కొద్దిచోట్ల పరీక్షించాలి? సరిగా నడుస్తున్నదని దేనివల్ల తెలుస్తుంది? తేడా వస్తే ఎలా ఆపాలి, పాత రూపానికి ఎలా మళ్లాలి? మార్పు చేసినదెవరు, ఎప్పుడు? ఈ ప్రశ్నలన్నింటికీ అందులో స్పష్టమైన జవాబులుండాలి. ప్రోగ్రాము మారిన రోజే పుస్తకమూ మారాలి. ఆ పుస్తకాన్ని మనుషులే కాక ఏజెంట్లు కూడా చదివి పనిచేస్తున్న కాలమిది. మనిషైతే తప్పు కనిపించినప్పుడు అనుమానించి పక్కవారిని అడగవచ్చు. ఏజెంటు మాత్రం పాతబడిన వాక్యాన్ని నిజమని నమ్మి ముందుకు సాగిపోవచ్చు.

మరమగ్గంలో పేక తెగితే మగ్గం దానంతటదే ఆగేలా ఒక చిన్న ఫోర్కును అమరుస్తారు. కంప్యూటరు ఏజెంటుకు కూడా అటువంటి ఏర్పాటు ఉండాలి. అది ఎక్కడ ఉన్నదో, ఎలా పనిచేస్తుందో రాసి ఉండాలి. ఆజ్ఞ ఇచ్చినవాడు ఇంటికి వెళ్లినా, రాత్రివేళ కాపలా ఉన్నవాడు ఆ రాత చూసి యంత్రాన్ని ఆపగలగాలి. అలా ఆపగలిగినప్పుడే ఆ రాత సరిగా ఉన్నట్లు.