ఔచిత్యం: అర్థం, ప్రయోగం

'ఉచ సమవాయే' అనే దివాదిగణ ధాతువు నుంచి 'ఉచిత' శబ్దం పుట్టింది. దానిపై భావార్థంలో ష్యఞ్ ప్రత్యయం చేరగా ఆదివృద్ధి జరిగి 'ఔచిత్య' శబ్దం ఏర్పడింది. సమవాయమంటే కూడిక. అంటే ఔచిత్యం ఒక వస్తువులో విడిగా ఉండే గుణం కాదు. అది మరొకదానితో దానికి గల పొందిక. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో ఈ పొందికనే కావ్యానికి ప్రాణంగా నిలిపాడు. మొలనూలు మెడలో, హారం నడుముకు ధరిస్తే నవ్వులపాలు కావలసిందే. నగలో లోపం లేదు, చోటు తప్పింది. పదం, వాక్యం మొదలుకొని ఉపసర్గ, నిపాతాల దాకా 27 స్థానాల్లో ఆయన దీన్ని పరిశీలించాడు. దోషాలు చూపేటప్పుడు కాళిదాసునూ మినహాయించలేదు.

తెలుగులో ఈ పదకుటుంబం చిత్రమైన దారి పట్టింది. యథోచితం, సముచితం, అనుచితం, సమయోచితం వంటి మాటల్లో 'తగిన' అనే అర్థం చెక్కుచెదరలేదు. విడిగా వాడే 'ఉచితం' మాత్రం వ్యవహారంలో 'వెల లేనిది'గా స్థిరపడింది. కన్నడంలోనూ ఇదే అర్థం వాడుకలో ఉంది. హిందీలో మాత్రం 'ఉచిత్' అంటే తగినదే. ఇవాళ 'ఉచిత సలహా' అంటే అడగకుండా ఇచ్చినదని ఎత్తిపొడుపు, అంటే దాదాపు అనుచితమైనదే! దేశిపదమైన 'తగవు' గతి ఇంకా విచిత్రం. 'తగు' ధాతువుకు చెందిన ఈ పదం ప్రాచీన కావ్యాల్లో న్యాయం, ధర్మం, నేడు జగడం. ఈ రెండు పదాలూ పక్కకు జరగడంతో శాస్త్రచర్చలో 'ఔచిత్యం' మీద భారం పెరిగింది.

అందువల్ల దీని ప్రయోగంలో జాగ్రత్త అవసరం. 'ఔచిత్యత' దోషం, భావార్థక ప్రత్యయంపై మళ్లీ 'త' చేరదు. 'ప్రాధాన్యత', 'నైపుణ్యత'లదీ ఇదే దోషం. 'పాత్రోచిత్యం' కూడా అసాధువే: పాత్ర, ఉచితం కలిస్తే గుణసంధితో పాత్రోచితం, పాత్ర, ఔచిత్యం కలిస్తే వృద్ధిసంధితో పాత్రౌచిత్యం. పరిశోధన ప్రణాళికల్లో 'అంశం ఔచిత్యం' అనే శీర్షిక కింద సాధారణంగా రాసేది ఆ పరిశోధన అవసరం గురించి. అక్కడ 'అవసరం' అంటే చాలు.

వీటికన్నా పెద్ద లోపం సిద్ధాంతవ్యాసాల్లో ఔచిత్యాన్ని మెప్పుమాటగా వాడటం. తిక్కన ఉద్యోగపర్వంలో రాయబారానికి ముందు ద్రౌపది కృష్ణునితో పలికిన మాటల్లో 'ఔచిత్యం ఉంది' అన్నంత మాత్రాన విమర్శ కాదు. అవి వక్తకు తగినవా, శ్రోతకా, సంధిప్రయత్నం సాగుతున్న ఆ సమయానికా, పోషించదలచిన రసానికా? ఒకదానికి తగినది మరొకదానికి తగకపోవచ్చు. దేనికి తగినదో తేల్చిన తరువాతే ఆ పదానికి అక్కడ అర్థం ఏర్పడుతుంది.