పాత పొగాకునకు పెరుగుచున్న వెల

మాఘ ఫాల్గుణ మాసములలో కల్వకుర్తి మార్కెట్ యార్డునకు పోయి చూచిన వారికి, చుట్టుప్రక్కల పల్లెలనుండి ట్రాక్టర్ల మీదను ఆటోల మీదను వచ్చి దిగిన పల్లికాయ రాశులును, ఆ రాశులనుండి పిడికెడు తీసి, చేతిలో నలిపి, పప్పు నోట వేసికొని తేమ యెంతయో తేల్చు వ్యాపారులును, ధర పలుకుదాక ఎండలోనే నిలిచియుండు రైతులును కనిపింతురు. అక్కడి వ్యవహారమంతయు తొందర మీద నడచునది. కాయ ఎండవలెను గాని పాతబడరాదు. మబ్బు పట్టి నాలుగు చినుకులు పడినను, బూజు తగిలినను, పప్పు మక్కిన వాసన వేసినను ధర దిగిపోవును. ఇట్టి మెట్ట నేలలో పుట్టి, పంట అనగా వచ్చిన నాడే అమ్ముకొనవలసిన వస్తువని చిన్ననాటనుండి ఎరిగిన వారికి, ఒకానొక పంట ఇరువది ముప్పది ఏండ్లు రేకు డబ్బాలో మూతపడి యుండి, అట్లుండుట చేతనే తొలి వెలకు ఎన్నో రెట్లు పలుకునని చెప్పినచో నమ్ముట కష్టము. అయినను అమెరికా, ఐరోపా ఖండములలో పైపు పొగాకు విషయమున గత కొన్ని సంవత్సరములుగా జరుగుచున్నది అదియే.

మన ప్రాంతమున చుట్ట, బీడీ, నమలు తంబాకు తెలిసినంతగా పైపు తెలియదు. సినిమాలో జమీందారు వేషధారి చేతిలోనో, పాత ఛాయాచిత్రములలో దొరల నోటనో చూచినదే తప్ప, దానిలో నింపు పొగాకు ఎట్టిదో విచారించిన వారు అరుదు. అది ఒక్క ఆకు కాదు, అనేక దేశముల ఆకుల మేళవింపు. చక్కెర పాలు అధికముగా గల వర్జీనియా, చక్కెర దాదాపు లేని బర్లీ, గ్రీసు తుర్కీ దేశముల చిన్న చిన్న ఓరియంటల్ ఆకులు, సిరియాలోని రేవు పట్టణము పేరు పెట్టుకొని నేడు ముఖ్యముగా సైప్రస్ ద్వీపమునుండి వచ్చు లటాకియా, లూసియానా రాష్ట్రమున సెయింట్ జేమ్స్ అను చిన్న ప్రదేశములో మాత్రమే తయారగు పెరీక్, ఇవి అందులోని ముఖ్యమైన రకములు. వీనిలో లటాకియాను కట్టెల పొగకు వ్రేలాడదీసి నల్లబరతురు. పెరీక్‌ను విస్కీ పీపాలలో కుక్కి, మర పెట్టి బిగించి, నడుమ నడుమ విప్పి గాలి సోకనిచ్చి మరల బిగించుచు, తన రసములో తానే పులియునట్లు సుమారొక సంవత్సరము ఉంచుదురు. ఏ ఆకు ఎంత పాలు కలుపవలెనో నిర్ణయించువాడు ఒక విధముగా పాకశాస్త్రజ్ఞుడే.

ఈ మేళవింపు డబ్బాలో మూసిన తరువాత కూడ మార్పు ఆగదు. ఆకులోని చక్కెరలును ఆమ్లములును ఒండొంటితో మెల్లమెల్లగా కలిసి క్రొత్త వాసనలను పుట్టించును. లోపల చిక్కిన కొలది గాలిని సూక్ష్మజీవులు వాడుకొని పులియబెట్టును. నాలుకను పొడుచు అమోనియా ఘాటు తగ్గును. బంగారు వన్నె వర్జీనియా ఏండ్లు గడచిన కొలది గోధుమ వన్నెకు, పిదప నలుపునకు తిరిగి, ఎండుద్రాక్ష వంటి వాసన వేయునని వాడువారు చెప్పుదురు. మన యిండ్లలో పాత బియ్యమునకు క్రొత్త బియ్యముకంటె ఎక్కువ వెల పెట్టుట యెట్టిదో ఇదియు అట్టిదే. అయితే అన్ని ఆకులకును ఈ భాగ్యము లేదు: లటాకియా పొగవాసన కాలము గడచిన కొలది మందగించును గాని పెంపొందదు. కావున పాతదైనంత మాత్రమున ప్రతి డబ్బాయు శ్రేష్ఠమనుట పొరపాటు. వర్జీనియా పాలు మిక్కుటముగా ఉన్నదే నిజముగా వయస్సును భరింపగలది.

వయస్సు గలదాని నెట్లు పరీక్షింతురో చూచిన, ఇది యెంత సూక్ష్మమైన వ్యాపారమో బోధపడును. కొనువాడు మొదట డబ్బా అడుగున ముద్రించిన అంకెలను చూచును. అది తయారైన కాలమును తెలుపును. తరువాత మూతను బొటనవ్రేలితో నొక్కి చూచును. గాలి తీసి మూసిన డబ్బా మూత కొంచెము లోనికి గుంటపడి యుండును. కొన్ని రకములు లోపల పులిసి వాయువు పుట్టి పైకి ఉబ్బును. రెండును మంచి గుర్తులే, ఏలనన మూత ఇంకను బిగువుగా ఉన్నదని అవి చెప్పును. ఎటు నొక్కినను టక్కున కదలు మూతను చూచి అనుభవశాలి తల త్రిప్పుకొనును. ఆపైన రేకు మడతల వెంట త్రుప్పును వెదకును. సూదిమొనంత రంధ్రమైనను చాలును, ఇరువది ఏండ్ల నిరీక్షణ లోపల ఎండు చెత్తగా మారియుండును. చతురస్రపు డబ్బాల మూలలయందు బిగువు తక్కువ గనుక గుండ్రని డబ్బాకే విశ్వాసమెక్కువ. ఖాళీ పాత డబ్బాలలో చవుక సరకు నింపి మరల మూసి అమ్మువారు కూడ పుట్టినారు. వెల పెరిగిన చోట వంచన పుట్టక మానదు గదా.

అయితే ఈ వెల ఇంతగా ఎందుకు పెరిగినది? రుచి ఒక్కటే కారణమైనచో ఎప్పుడో పెరిగియుండవలసినది. అసలు కారణము తయారీ ఆగిపోవుట. 1907లో లండను నగరపు డ్యూక్ వీధిలో అంగడి తెరచి, కొనువాని అభిరుచి నడిగి, అతని పేరిట ప్రత్యేకముగా ఆకు కలిపి, ఆ పాళ్లను పుస్తకములో వ్రాసి యుంచిన ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ పేరుతో ఒక శతాబ్దమునకు పైగా నడచిన పైపు పొగాకులు 2018లో ఆ పేరుతో వచ్చుట మానెను. పిమ్మట అవే మిశ్రమములు పీటర్సన్ పేరుతో అంగడికెక్కినవి. ఆ సంవత్సరమే అమెరికాలోని కాన్సాస్ నగరమున 1977 నుండి పనిచేయుచున్న మెక్‌క్లెలాండ్ సంస్థయు తలుపులు మూసెను. ప్రతి యేటను ఏరిన వర్జీనియా ఆకుతో, డబ్బా మీద సంవత్సరము ముద్రించి, క్రిస్మస్ చీర్ అను పేరుతో వారు అమ్మినది నూరు గ్రాములకు పది పదునైదు డాలర్ల వస్తువు. నేడు నూరు డాలర్లు దాటి చేతులు మారుచున్నది. మూసివేతకు ఆ సంస్థ చెప్పిన కారణములలో ఒకటి నన్ను ఆలోచింపజేసినది: తమకు కావలసిన స్థాయి ఆకు ఇక దొరకుట లేదని. యంత్రము ఆగలేదు, మేలైన ఆకు తగ్గినది. సిగరెట్టు కంపెనీలకు కావలసినట్లు పండించు పొలములలో, కోత కోతకును ఏరి, పండిన ఆకును మాత్రమే తెంపు ఓపిక గల రైతులు కరవైనారు.

ప్రభుత్వ నియమములు ఈ కొరతను మరింత బిగించినవి. అమెరికాలో 2016 ఆగస్టు 8న అమలులోనికి వచ్చిన నిబంధనలు పైపు పొగాకును కూడ ఆ దేశపు ఆహార ఔషధ శాఖ అధికారము క్రిందికి తెచ్చినవి. 2007 ఫిబ్రవరి 15 నాటికి అంగడిలో లేని మిశ్రమమునకు ప్రత్యేకానుమతి కావలెను. ఆ అనుమతికి అగు వ్యయమును చిన్న సంస్థలు మోయలేవు. క్రొత్తది పుట్టుట కష్టమై, పాతది కనుమరుగగుచున్నప్పుడు, ఉన్న డబ్బాలు బంగారమగుట సహజము. కొందరు పొగ త్రాగుటకు గాక దాచి అమ్ముటకే కొననారంభించిరి. జర్సీ ద్వీపమునందలి జర్మెయిన్ సంస్థ సరకు అంగడికి వచ్చిన కొద్ది నిమిషములకే అమ్ముడుపోవుట, మరునాడు అదే సరకు రెట్టింపు వెలకు మరియొక చోట కనబడుట వాడుకయైనది. ఆ నియమములు అనవసరమని నేననను. పొగాకు ఎంత పాతదైనను, ఎంత సువాసన గలదైనను, నోటికిని గుండెకును చేయు కీడు తగ్గదు. ముప్పది ఏండ్లు నిలిచిన డబ్బాలోను నికోటిను నికోటినే, పుండు పుండే.

మన పల్లెలకు పైపు అంతగా తెలియకున్నను, దానికి దక్కనునకు గల బాంధవ్యము చిత్రమైనది. పోర్చుగీసువారి ఓడలలో వచ్చిన పొగాకు ఉత్తరాదికి చేరకముందే బీజాపూరులో ప్రచారమున ఉన్నది. పదునేడవ శతాబ్దారంభమున అక్బరు పాదుషా పక్షమున బీజాపూరునకు రాయబారియై వచ్చిన అసద్ బేగ్, అక్కడ ఈ వింత వస్తువును చూచి, రత్నములు చెక్కిన గొట్టముతోపాటు పొగాకును కొనిపోయి పాదుషాకు సమర్పించెను. వైద్యులు వారించుచుండగా అక్బరు రెండు మూడు పీల్పులు పీల్చినట్లు అతడే వ్రాసియుంచినాడు. 1617లో జహంగీరు దానిని నిషేధించినను నిషేధము నిలువలేదు. మన పాలమూరు సీమకు కృష్ణకు ఆవల రాయచూరు, దానికావల బీజాపూరు; హిందూస్థానపు పాదుషాల నోటికి పైపు అందించిన సీమ మనకు పొరుగుననే ఉన్నదన్నమాట. తరువాతి కాలమున నిజాము రాజధానిలో 1930లో వజీర్ సుల్తాన్ నెలకొల్పిన కార్ఖానా చార్మినార్ సిగరెట్టును ఇంటింటికి తెచ్చెను గాని, పైపు కోఠీలను దాటి పల్లెకు రాలేదు.

ఆకు పండించు పనిలో మాత్రము తెలుగువారు ప్రపంచమునకు తీసిపోరు. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరు మండలమును కేంద్రముగా చేసికొనినది మొదలు వర్జీనియా పొగాకు కోస్తా జీవితములో భాగమైనది. 1947లో రాజమండ్రిలో పరిశోధనాలయమును, 1976 జనవరి 1న గుంటూరులో పొగాకు బోర్డును వెలసినవి. మెట్టలోని జంగారెడ్డిగూడెమునకు గాని, కందుకూరు ప్రాంతమునకు గాని పోయి బ్యారన్ దగ్గర ఒక్క రాత్రి గడపినవారు ఆ శ్రమను మరువలేరు. తెంపిన పచ్చి ఆకును కర్రలకు అల్లి, మట్టియింటి వంటి ఆ ఎత్తైన కట్టడములో వరుస మీద వరుసగా వ్రేలాడగట్టి, క్రింద గొట్టములలో వేడి పారునట్లు పొయ్యి రాజేయుదురు. మొదట ఆకు పసుపెక్కవలెను, పిదప రెక్క ఆరవలెను, చివరకు ఈనె ఆరవలెను. ఈ ఐదారు దినములలో ఏ గంటకు ఎంత వేడి ఉండవలెనో అంత ఉండకున్న బంగారము వంటి ఆకు నల్లబడిపోవును. కనుక ఇంటిలో ఎవరో ఒకరు రేయెల్ల మేలుకొని థర్మామీటరు చూచుచుండవలెను. తరువాత మండె (కుప్ప) వేసి, రంగు చూచి గ్రేడు కట్టి, బేళ్లు కట్టి వేలమునకు కొనిపోవుదురు. అక్కడ కొనువాడు ముందుకు రాని బేలు మీద ‘నోబిడ్’ అని వ్రాసి త్రిప్పి పంపుదురు.

ఇక్కడనే నా మనస్సును కలచు విషయమున్నది. పరదేశమున డబ్బాలో దాచిన ఆకు పాతబడిన కొలది వెల పెరుగుచుండగా, గుంటూరు గోదాములలో మిగిలిన ఆకు పాతబడిన కొలది రైతు మెడకు ఉరియగును. ఇరువదవ శతాబ్దాంతమున ఆంధ్రలో నిల్వలు పేరుకొని ధరలు కూలినందున, 2000-01 పంటకాలమునకు పొగాకు వేయరాదని బోర్డే విరామము ప్రకటింపవలసి వచ్చినది. ఆకు ఒక్కటే, కాలము ఒక్కటే. ఫలము మాత్రము వేరు. వేచియుండగలవానికి కాలము ధనమిచ్చును, వేచియుండలేని వానికి ఉన్నది కూడ తీసికొనును. రైతు వేచియుండలేడు. కౌలు, ఎరువు, కట్టెలు, కూలి, వీనికై తెచ్చిన అప్పు వడ్డీతో కదలుచుండును. కల్వకుర్తి రైతును సహితము పల్లికాయ ధర పెరుగువరకు ఆగుమనిన, అప్పిచ్చిన వాడు ఆగునా అని అడుగును. మార్కెట్ గోదాములో సరకు కుదువ పెట్టి ఋణము పొందు ఏర్పాటు ఉన్నను, దానిని వినియోగించుకొను చిన్న రైతులు కొలదిమందియే.

పైపు డబ్బా మీద కలిపినవాని పేరు, తయారైన ఊరు, కొన్నిటి మీద సంవత్సరము ఉండును. ఆకు పండిన పల్లె పేరు కలికమునకైనను ఉండదు. వేలపు అరుగు మీద బేలునకు కట్టిన చీటితోనే రైతు పేరు తీరిపోవును. 2024 వేలములలో ఆంధ్ర వర్జీనియాకు కిలో సగటున 280 రూపాయలు దాటుట ఎన్నడును ఎరుగని సంతోషము. ఆ ఆశతో మరుసటి యేడు విస్తీర్ణము పెరిగి ధర మరల దిగెను. బర్లీ గతి మరింత కష్టమైనది. అనేక పైపు మిశ్రమములకు వెన్నెముక వంటి ఆ ఆకునకు 2025లో పర్చూరు, ఇంకొల్లు ప్రాంతములలో కంపెనీలు ముఖము చాటువేయగా, రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చినది. వర్జీనియాకు ఉన్నట్లు బర్లీకి బోర్డు వేలము లేకుండుటయే దీనికి మూలము: ఎంత పంట వేయవలెనో చెప్పువారు లేరు, పదిమంది ఎదుట ధర పలుకు అరుగు లేదు, కంపెనీ మనిషి ఇంటికి వచ్చి చెప్పినదే ధర. ఆ వేలపు అరుగును బర్లీ రైతునకు కూడ కల్పించవలెను. వచ్చు పంటకు నారు పోయకముందే కల్పించవలెను.